రేపల్లె మైదానంలో నీడ వైపు, ఎండ వైపు

ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం నేను ప్రయాణం పెట్టుకోవడం జీవితంలో ఒక్కసారే జరిగింది. అదీ మా మామగారి కళ్ళ కోసం. తొంభైల మొదట్లో మాట ఇది. మేం తెనాలిలో ఉండేవాళ్ళం, నేను ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మామగారు మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగంలో సగానికి పైగా రేపల్లెలో గడిచింది కాబట్టి ఆ ఊరి ఉదయతార ఫుట్‌బాల్ క్లబ్బంటే ఆయనకి ప్రాణం. ఏటా మార్చిలో జరిగే పోటీల ఫైనల్‌కి వెళ్ళి తీరాలి. ఆ ఏడు ఆయనకి శుక్లాల ఆపరేషన్ అయి రెండు నెలలే అయింది. ఎండ తగిలితే కళ్ళ వెంట నీళ్ళు కారేవి, దూరంగా ఉన్న బాలు ఆనేది కాదు. అయినా వెళ్తానని కూర్చున్నారు. మావారికి ఆఫీసులో ఆడిట్. పక్కన కూర్చుని బాలు ఎవరి దగ్గరుందో చెప్పే మనిషి కావాలి కనుక, ఫుట్‌బాల్ ఎంతమంది ఆడతారో కూడా తెలియని నాకు ఆ ఉద్యోగం పడింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ ఏడు ఉదయతారతో ఫైనల్ ఆడుతున్నది బాపట్ల జట్టు. బాపట్ల నా పుట్టిల్లు. ఆ జట్టు గోల్ కీపరు మా తమ్ముడు ప్రసాద్. వాడు వారం ముందు ఉత్తరం రాశాడు. "అక్కా, ఇన్నేళ్ళలో మన ఇంట్లోంచి ఒక్కరు కూడా నా ఆట చూడలేదు. ఈసారైనా రా" అని ఒక్క ముక్క. అందుకని మామగారి కళ్ళు ఒక సాకు, తమ్ముడి ఉత్తరం అసలు కారణం అని నేను లోలోపల అనుకున్నాను.

శనివారం పొద్దున్న ఏడున్నర ప్యాసింజర్‌కి తెనాలిలో బయలుదేరాం. ముందు బాపట్ల వెళ్ళి మా వాళ్ళని చూసి, అక్కణ్ణించి బస్సులో రేపల్లె, సాయంత్రం రేపల్లె నుంచి రైల్లో తెనాలి. మూడు ఊళ్ళూ ఒకే రోజు చూడాలనుకునేవాళ్ళకి ఇప్పటికీ ఇదే మంచి దారి. అప్పట్లో టిక్కెట్టు ఆరేడు రూపాయలు ఉన్నట్టు గుర్తు. మామగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చంకలో గొడుగుతో రైలెక్కారు. ఆ గొడుగు గురించి చెప్పాలి. మా చర్చిలో కోత పండగ ఆరాధన అయ్యాక, సంఘస్థులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు వేలం వేస్తారు. చెయ్యి ఎత్తితే పాట పెంచినట్టే లెక్క. ఒక ఏడు మామగారు జారిపోతున్న కళ్ళజోడు సర్దుకోవడానికి చెయ్యెత్తారు. ఆయన మళ్ళీ దించేలోపు, ఎవరో కానుకగా ఇచ్చిన ఈ గొడుగు ఆయనదైపోయింది. దేవుడి సొమ్ము వద్దని ఎలా అంటారు? నలుగురు నిలబడగలిగినంత గొడుగది. రైల్లో దాన్ని పైన పెట్టడానికి ఇద్దరు ప్రయాణికులు సాయం పట్టారు.

తొమ్మిదింటికల్లా బాపట్లలో దిగి రిక్షా ఎక్కాం. తమ్ముడు అప్పటికే జట్టుతో పాటు లారీలో వెళ్ళిపోయాడు. అమ్మ ఇడ్లీలు పెట్టింది. నాన్న వసారాలో పేపరు పట్టుకుని, ఫుట్‌బాల్ అనే మాట ఈ ఇంట్లో ఎవరూ అననట్టు కూర్చున్నారు. నేనే కదిపాను.

"నాన్నా, మీరూ రండి. వాడు సంతోషిస్తాడు."

"వాడు సంతోషించడానికి నేనెందుకమ్మా, బాలుంది కదా," అన్నారు నాన్న. "డిగ్రీ అయి రెండేళ్ళయింది. వాడికి చెప్పేశాను. ఇవాళ గెలిస్తే ఇంకో ఏడాది ఆడుకోమన్నాను. ఓడితే సోమవారం నుంచి ఈపురుపాలెంలో మీ మావయ్య బట్టల కొట్లో కూర్చుంటాడు."

"ఓడతాడు లెండి బావగారూ, మీరేం దిగులుపడకండి," అన్నారు మామగారు ఇడ్లీ తింటూ. ఆయన ఉదయతార ధైర్యం ఆయనది. నేను మాత్రం ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టేశాను.

పదకొండింటి బస్సులో, చెరుకుపల్లి మీదుగా రేపల్లె. ఎనిమిది రూపాయలో ఎంతో టిక్కెట్టు, దాదాపు రెండు గంటల ప్రయాణం. దారి పొడుగునా మినుము కోతలు. డ్రైవర్ వెనక సీటు దొరికింది కాబట్టి ఆయన్నే అడిగాను.

"బాబాయ్, మీరు ఏ క్లబ్బు?"

"ఉదయతారండి. ఒకసారి వానల్లో నా బస్సు కాలవగట్టున దిగబడిపోయిందండి. ఆ కుర్రాళ్ళు ప్రాక్టీసు నుంచి వస్తా, అందరూ కలిసి పైకి నెట్టారు. ఆ రోజునుంచీ వాళ్ళు ఓడిపోతే నాకు అన్నం సయించదు."

"వాళ్ళ ఆట ఎప్పుడైనా చూశారా?"

"లేదండి. ఆ టైముకి డ్యూటీ ఉంటది."

చెరుకుపల్లిలో బస్సు పావుగంట ఆగింది. స్టాండు పక్కన గారెలు వేస్తున్న ఆవిడని కూడా అదే అడిగాను. ఆవిడ బాపట్ల జట్టుట. కారణం ఏంటంటే, వాళ్ళాయన ఉదయతార. "ఇద్దరం ఒకే పక్కనుంటే ఇంక ఇంట్లో మాట్టాడుకోడానికి ఏముంటదమ్మా?" అంది. గారెలు రూపాయికి రెండు. ఉల్లిపాయ ఎక్కువ వేసి, బయట కరకరలాడేట్టు వేసింది. ఇప్పుడా కొట్టు లేదు, వెతక్కండి.

బస్సు కదిలాక నాకు అనుమానం వచ్చింది. ఆట చూసి క్లబ్బుని ఎంచుకున్నవాళ్ళు ఈ జిల్లాలో ఒక్కరైనా ఉన్నారా అని. "మామయ్యగారూ, మీరు ఉదయతారని ఎలా పట్టుకున్నారు?" అని అడిగాను. ఆటలో ఏదో గొప్పదనం చెప్తారనుకున్నాను.

"నీడమ్మా," అన్నారాయన. "కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక మధ్యాహ్నం గ్రౌండుకి వెళ్ళాను. పడమటి పక్క బియ్యం గోదాము గోడ ఉంది, దాని నీడలో కూర్చున్నాను. అది ఉదయతార వాళ్ళు కూర్చునే చోటు. ఎదురు జట్టు వాళ్ళకి ఎండ వైపు. పక్కవాళ్ళు చప్పట్లు కొడుతుంటే ఊరికే కూర్చుంటే బాగోదని నేనూ కొట్టాను. అంతే." మళ్ళీ తనే, "మీ తమ్ముడంటే నాకు అభిమానమేనమ్మా. కానీ ఇవాళ మూడింటి నుంచి ఐదింటి దాకా వాడు మనకి చుట్టం కాదు," అన్నారు.

రేపల్లె బస్టాండు నుంచి గ్రౌండుకి నడక పది నిమిషాలు. భోజనం చేసి మేం వెళ్ళేసరికి గోడ నీడలో జనం కిటకిటలాడుతున్నారు. మామగారిని చూడగానే "మాస్టారొచ్చారు" అని జరిగి చోటిచ్చారు. టీ కెటిల్‌తో తిరిగే సుబ్బయ్య, అడక్కుండానే గ్లాసు చేతిలో పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా అతని కెటిల్లో మొదటి గ్లాసు మాస్టారికేనట. ఎదురుగా ఎండలో, బాపట్ల నుంచి లారీలో వచ్చినవాళ్ళు పదిహేను మంది, నెత్తిన తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. దక్షిణం పక్క గోల్ దగ్గర ప్రసాద్ పసుపు చొక్కాలో నిలబడి ఉన్నాడు. వాడు నీడ వైపు చూడలేదు. నేను అక్కడుంటానని వాడికి తెలియదు.

మ్యాచ్ మొదలైంది, నా ఉద్యోగమూ మొదలైంది.

"బాలు ఎవరి దగ్గర?"

"ఆకుపచ్చ చొక్కా అతని దగ్గరండి."

"మనవాళ్ళే. ఇప్పుడు?"

"పొట్టిగా ఒకతను... కింద పడ్డాడండి."

"ఎవరు పడ్డారు?"

"ఇద్దరూ పడ్డారండి. బాలు ఒక్కటే నిలబడి ఉంది."

మామగారు నుదురు కొట్టుకున్నారు. ముందు వరసలోని ఒకాయన వెనక్కి తిరిగి, "మాస్టారూ, ఆవిడ చెప్పేదే బాగుందండి, మేం కూడా అదే వింటన్నాం," అన్నాడు. ఉదయతార ఒక గోల్ కొట్టినప్పుడు నీడంతా లేచి గంతులేసింది. నేను చెప్పకముందే మామగారికి తెలిసిపోయింది. ప్రసాద్ నేల మీంచి లేచి మోకాళ్ళు దులుపుకుంటుంటే నాకు ఈపురుపాలెం బట్టల కొట్టు కళ్ళముందు కనిపించింది. వాడు గుడ్డ తాను విప్పి, మీటరు కర్రతో కొలుస్తూ ఉన్నట్టు. రెండో సగంలో బాపట్ల వాళ్ళు గోల్ తిరగ్గొట్టారు. "ఏమైంది, ఎందుకందరూ ఊరుకున్నారు?" అని మామగారు అడిగితే, "ఏం లేదండి, కాస్త ఆయాసం తీర్చుకుంటున్నారు," అన్నాను. నా జీవితంలో మామగారికి చెప్పిన అబద్ధాల్లో అదొకటి.

ఒకటి ఒకటి సమానం. పెనాల్టీలన్నారు. రెండు జట్లూ దక్షిణం గోల్ దగ్గరే కొట్టాలి. గోదాము గోడ అక్కడిదాకా రాదు కాబట్టి అక్కడంతా ఎండే. మేం కూర్చున్న చోటు నుంచి చూస్తే ఆ ఎండలో ప్రసాద్ ఒక్కడే. వాడు గోల్లో నిలబడి, ఒకసారి చుట్టూ చూశాడు, ఎవరినో వెతుక్కుంటున్నట్టు. వాడి చూపు ఎండ వైపంతా తిరిగి ఖాళీగా వెనక్కి వెళ్ళింది. నేను లేచాను.

"ఎక్కడికమ్మా?"

"వాడి దగ్గరికండి. మీరు కూర్చోండి, మళ్ళీ వస్తాను."

చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఆ జనమందరి ముందునుంచీ నడిచి గోల్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ప్రసాద్ నన్ను చూశాడు. మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. సాయంత్రమవుతున్నా మార్చి ఎండ చురచురా కొడుతోంది. రెండు నిమిషాలకి ఆ ఎండ ఆగిపోయింది. తలెత్తి చూస్తే నల్లటి గుడ్డ. పక్కన మామగారు, నల్లద్దాల కిందనుంచి నీళ్ళు కారుతూ, రెండు చేతులతో గొడుగు పట్టుకుని ఉన్నారు.

"మామయ్యగారూ, ఎండండి, కళ్ళకి మంచిది కాదు."

"నువ్విలా వచ్చేస్తే బాలు ఎవరి దగ్గరుందో నాకెవరు చెప్తారు?" అని కసురుకున్నారు.

చెప్పాల్సిన పని లేకపోయింది. బాలు మాకు పదడుగుల దూరంలో పడుతోంది. బాపట్ల వాళ్ళు ఐదింటిలో నాలుగు కొట్టారు. ఉదయతారకి మూడయ్యాయి, ఒక్కటి మిగిలింది. అది పడితే సమానం, ఆగితే కప్పు బాపట్లది. గ్రౌండంతా నిశ్శబ్దం. ఉదయతార కెప్టెన్ పరిగెత్తుకొస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో, ముప్పై ఏళ్ళు తరగతి చివరి బెంచీదాకా వినిపించిన గొంతు, నా చెవి పక్కనే లేచింది.

"పట్టు నాయనా, పట్టు!"

ప్రసాద్ కుడివైపుకి పడ్డాడు. బాలు వాడి పొట్ట కింద ఉంది.

లారీ వాళ్ళు వాణ్ణి ఎత్తుకుని తిప్పుతుంటే నేను ఏడుస్తూ నిలబడ్డాను. గోడ నీడలోంచి మాత్రం చప్పుడు లేదు. వాళ్ళంతా కప్పు వైపు చూడట్లేదు, గొడుగు వైపు చూస్తున్నారు. సుబ్బయ్య కెటిల్‌తో సహా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏం మాస్టారూ, ముప్పయ్యేళ్ళు మా నీడలో కూర్చుని, ఇదా మీరు చేసేది?"

మామగారు నల్లద్దాలు తీసి, తీరిగ్గా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆపరేషనైన కళ్ళు కదయ్యా, మొహం సరిగ్గా ఆనలేదు," అన్నారు. "మనవాడే అనుకున్నాను."

ప్రసాద్ ఇంకో నాలుగేళ్ళు ఆడాడు. చివరికి ఈపురుపాలెం కొట్లోనే కూర్చున్నాడు, సంతోషంగానే. మామగారు ఆ తర్వాత కూడా ఏటా ఉదయతార కోసమే రేపల్లె వెళ్ళారు. అయితే బాపట్లతో మ్యాచ్ ఉంటే మాత్రం గోడ చివర, నీడా ఎండా కలిసేచోట కూర్చునేవారు. సుబ్బయ్య టీ ఇచ్చేవాడు గానీ రెండోదో మూడోదో ఇచ్చేవాడు, మొదటిది ఇచ్చేవాడు కాదు. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. మనుషులు క్లబ్బుని ఎలా ఎంచుకుంటారని ఎవరైనా అడిగితే నాకు ఆ రోజే గుర్తొస్తుంది. కూర్చోడానికి కాస్త చోటు చూసుకుంటారు, అంతే. ఎప్పుడో ఒకరోజు, ఆ చోటు వదిలి ఎవరికోసం లేచి నడుస్తారన్నది మాత్రం ముందుగా తెలిసే విషయం కాదు. మా మామగారికి ఆ రోజు పొద్దున్న ఇడ్లీ తినేటప్పుడు తెలియదు, నాకూ తెలియదు.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సంగతి. మ్యాచ్‌కి అరగంట ముందే వెళ్ళి పడమటి పక్క కూర్చోండి, చల్లగా ఉంటుంది. గొడుగు మాత్రం మర్చిపోకండి, ఇద్దరికి సరిపోయేంతది తీసుకెళ్ళండి.