చేపలు బెదురుతాయని

సాల్ట్ లేక్‌లో మా ఆఫీసు చేపల తొట్టికి ఎవరో పైపులు అతికిస్తుంటే, ఆ జిగురు వాసనకి నాన్న గుర్తొచ్చాడు.

ఆయన కార్పొరేషన్‌లో మురుగు కాలవలూ పైపులూ బాగుచేసేవాడు. నాకు ఏడేళ్లప్పుడు ఒక ఆదివారం, భవానీపూర్‌లో ఒకరింట్లో చేపల తొట్టి అమర్చడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. ఇనుప స్టాండు ఊగకుండా కాళ్ల కింద రేకుముక్కలు సర్దాడు. నీళ్లొచ్చే పైపు, పోయే పైపు బిగించాడు. సాయంత్రం ఎర్రచేపలు వదలగానే నేను ఆనందం పట్టలేక రెండు అరచేతులూ అద్దానికి ఆనించాను.

ఇంటావిడ నాన్నను పక్కకి పిలిచి ఏదో చెప్పింది. ఆయన వాళ్ల భాషలో "అచ్ఛా బౌదీ", సరే వదినా, అంటూ వచ్చి, నా చేతులు పడ్డచోట తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు.

"ఏటన్నాది నాన్నా?"

"నువ్వు ముట్టుకుంటే సేపలు బెదిరిపోతాయంటమ్మా. బయట కూకో."

నమ్మాను. బస్సులో దారంతా "నానేటి సేసాను వాటిని?" అని ఏడ్చాను.

పదో తరగతిలో, స్నేహితురాలి తల్లి నేను లేచిన కుర్చీని చూపిస్తూ పనిమనిషితో అంది: "కాలవలోళ్ల పిల్ల. తుడిచెయ్."

ఆ చేపల తొట్టి ఇంటావిడ మీద కోపం ఎప్పుడో చల్లారింది. నాన్న మీద చల్లారలేదు. తొట్టి అమర్చిన మర్నాడే, సోమవారం, పైపు కారుతోందని కబురొస్తే, అన్నం మధ్యలో లేచి మళ్లీ ఆ ఇంటికే పరిగెత్తాడు.