ప్రభువు బల్లకు వీరమ్మ జాడీ

ఆదోనిలో మా చర్చికి, ఆరాధనలో రొట్టెతో పాటు పంచే ప్రభువు బల్ల ద్రాక్షారసం వీరమ్మే చేస్తుంది. ఆ పని ఆమె చేతుల్లోంచి తీసెయ్యాలని కమిటీలో మొదట నోరు విప్పినవాణ్ణి నేనే. కాబట్టి ఈ కథ చెప్పాల్సినవాణ్ణి కూడా నేనే.

వీరమ్మ జిన్నింగు మిల్లులో కూలి. వారమంతా పత్తి దుమ్ములో మునిగి, ఆదివారం మరకలేని తెల్లచీరలో వచ్చే మనిషి. ఊరగాయల్లో ఆమెది పేరుమోసిన చెయ్యి. అందుకే రెండేళ్ల క్రితం సామ్సన్ పాస్టరుగారు ద్రాక్షారసం పని ఆమెకు అప్పజెప్పారు.

తంటా అక్కడే వచ్చింది. ఆమె దాన్నీ ఊరగాయలాగే పెట్టింది. నల్లద్రాక్ష పిసికి, చక్కెర వేసి, వాళ్లమ్మ దేవనకొండలో వాడిన పెద్ద జాడీకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టి మిద్దె మీద ఎండలో ఉంచింది. మార్చి నెల ఆదోని ఎండ! ఈస్టరు ఆరాధనలో గిన్నె చేతులు మారుతుంటే ఒక్కొక్క ముఖమే ముడుచుకుపోయింది. సిలువ మీద ప్రభువుకు అందించిన చిరక, ఆ పులిసిపోయిన ద్రాక్షారసం, ఇదేనేమో అని పక్కాయన చెవిలో అన్నాను. వీరమ్మ వెనక వరుసలోనే ఉంది, విన్నది. పాతికేళ్లు పిల్లలకు మర్యాదలు నేర్పిన పంతులు అనాల్సిన మాటేనా అది? ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మరుసటి జనవరిలో కమిటీ కూర్చుంది. ఇకమీదట బజారు సీసాలే తెప్పిద్దామని నేనే అన్నాను. వీరమ్మ లేచి నిలబడింది.

"ఈ ఈస్టరు పండక్కి ఒక్కసారి నన్ను సెయ్యనీండి సార్. మళ్లీ పులిస్తే మా యమ్మ జాడీ మీ ముందరే పగలగొడతా. తియ్యగుంటే మాత్రం ఇంక బజారు సీసాల మాట ఎవురూ ఎత్తగూడదు."

సరేనన్నాం. నాకైతే జాడీ పగలడం ఖాయమనిపించింది.

దారి చూపించింది ఆమె భర్త యేసురత్నం. మార్కెట్ యార్డులో హమాలీ. ఒకప్పుడు పూటుగా తాగేవాడు, మానేసి పదకొండేళ్లు. "బ్రాందీ ఎండలో పెట్టినా పులవదు మేయ్. రసంలో కొంచెం పోసి సూడు" అన్నాడట. వీరమ్మ నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన తెలిసినవాళ్లను అడిగి, రసం ఇంకా పొంగుతూ తీపి మిగిలి ఉండగానే బ్రాందీ పోస్తే అక్కడితో పొంగు ఆగిపోతుందని, తర్వాత చెడదని చెప్పారు.

మరి కొనేదెవరు? మానేసిన మనిషిని మళ్లీ ఆ గడప తొక్కించదు కదా. పట్టపగలు, ఆదివారం చీరే కట్టుకుని, తనే బ్రాందీ షాపు ముందు నిలబడింది. మగవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారట. సాయంత్రానికి పేటంతా అదే మాట. నేనూ ఊరుకోలేదు, పాస్టరుగారికి ఫిర్యాదు చేశాను. ఆయన నవ్వి, ఆమె నన్నడిగే వెళ్లింది లెండి అన్నారు.

ఈసారి జాడీ మిద్దెక్కలేదు. నీళ్లకుండ పెట్టినట్టు వంటింటి మూల తడి ఇసుకలో పెట్టి, చుట్టూ తడి గోనెసంచి కట్టింది. రోజూ చెక్క గరిటెతో కలిపి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసింది. ఆరోరోజు రసం వడగట్టి, సీసా తీసి యేసురత్నం చేతికే ఇచ్చింది. నువ్వే పొయ్యి అంది. అతను కడచుక్క దాకా జాడీలో వంపి, ఖాళీ సీసా కడిగి, చేతులు కూడా సబ్బుతో కడుక్కున్నాడు. తర్వాతెప్పుడో నాకు ఇది చెబుతున్నప్పుడు వీరమ్మ కళ్లలో నీళ్లు. "నేను గెలిచింది ఆ పొద్దే సార్. మీ కమిటీది తర్వాత సంగతి" అంది.

ఈస్టరు వచ్చింది. యేసురత్నం రొట్టె మాత్రం తీసుకుని గిన్నె పక్కకు పంపేశాడు. నా వంతు వచ్చింది. ముఖం ముడవడానికి ముందే సిద్ధపడి గుటక వేశాను. తియ్యగా, గొంతులో వెచ్చగా దిగింది. వెనక్కి తిరిగి చూద్దును గదా, వీరమ్మ నన్నే చూస్తోంది.

బజారు సీసాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేనెల ఎండలు ముగిసినా జాడీలో మిగిలిన రసం తియ్యగానే ఉంది. ఆ కబురు ఎమ్మిగనూరు దాకా పోయింది. అక్కడి చర్చివాళ్లు తమ వార్షికోత్సవానికి కావాలని అడిగితే, పాస్టరుగారు వీరమ్మకు తోడు వెళ్లమని నన్నే పురమాయించారు.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. జాడీ నా ఒళ్లో. గోనెసంచి తడికి నా పంచె తడిసింది. ఊరు దాటాక గుంతలో బస్సు ఎగిరిపడేసరికి జాడీని రెండు చేతులా వాటేసుకున్నాను.

వీరమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది: "గట్టిగా పట్టుకోండి సార్. చిరక కాదు అది."