ఐదోనాటి ఉతుకు

లోయ దిగేటప్పుడు దేవుడే తోస్తాడు, ఎక్కేటప్పుడు మాత్రం సెలెదోనియో కంచరగాడిదే దిక్కు. కోల్కా లోయ అడుగున సాన్ హువాన్ ఊళ్లో అందరూ అనే మాటే ఇది. విదేశీయులు పైనున్న కబానకోందె నుంచి చేతికర్రలు ఊపుకుంటూ, గద్దలకు ఫొటోలు తీసుకుంటూ మహా హుషారుగా దిగుతారు. మర్నాడు తెల్లారేసరికి మోకాళ్లు పట్టేసి సెలెదోనియో గుమ్మం ముందు నిలబడతారు. నిన్నటి వీరులు ఇవాళ మూటలయ్యారని అతని భార్య ఎవుఫ్రాసియా నవ్వేది. నవ్వుతూనే ఆ మూటలకు వేడి వేడి కిన్వా జావ పోసి పంపేది.

ఆమెకు ఉన్నదే ఒక కుట్టుపూల లంగా. ఇక్కడ పండగకు వితితి ఆట ఆడే మగవాళ్లు ఆడవాళ్ల లంగాలు కట్టుకుంటారు. పెళ్లికి ముందు సెలెదోనియో ఆమె దగ్గరే లంగా అరువడిగాడు. "ఇస్తాలే గానీ, అందులో నీ కాళ్లు చూస్తే కోళ్లు కూడా నవ్వుతాయి" అంది. ఆ మాటకే పడిపోయాడు, వెర్రిబాగులవాడు. అప్పటినుంచి ఇరవైరెండేళ్లు ప్రతి పండగకూ ఆ లంగాలోనే ఆడాడు. ఏటా ఆమె దాని అంచున ఒక పిట్టనో ఆకునో కొత్తగా కుట్టేది. పండగ అయిపోగానే లాక్కుని మళ్లీ తనే కట్టుకునేది.

ఆ మంగళవారం పొద్దున ఎవుఫ్రాసియా కడుపు పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. బయట ఇద్దరమ్మాయిలు కుంటుతూ నిలబడ్డారు.

"పోనీ, ఇవాళ మానేయనా?" అన్నాడు సెలెదోనియో.

"ఏదో తిన్నది పడలేదు, అంతే. ఆ పిల్లలు బస్సెక్కాలి, నువ్వెళ్లు" అంది ఆమె.

ఉన్న రెండు కంచరగాడిదలూ వాళ్లతో పైకి వెళ్లిపోయాయి. ఎండ ఎక్కే వేళకు ఆమె మెలికలు తిరిగిపోయింది. ఆసుపత్రి పై ఊళ్లోనే ఉంది. నలుగురు మగవాళ్లు దుప్పటిలో వేసుకుని మోశారు. రెండు ఖాళీ జీనులతో ఈల వేసుకుంటూ దిగుతున్న సెలెదోనియోకు సగం దారిలో ఎదురయ్యారు. అప్పటికే దుప్పటి ఆమె ముఖం మీదికి లాగి ఉంది.

పోయినవాళ్ల బట్టలన్నీ ఐదో రోజున ఏట్లో ఉతకాలి. అయినవాళ్లు నీళ్లు ముట్టకూడదు, పరాయివాళ్లే ఉతకాలి. ఒక్క గుడ్డ మిగిలిపోయినా పోయిన మనిషి దారి పట్టదు. పొరుగింటి తోరిబియో సబ్బు పట్టుకుని నీళ్లలో దిగాడు. ఎవుఫ్రాసియా అక్క మాక్సిమిలియానా ఒడ్డున కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూసి అందించింది.

"లంగా ఏదీ?" అంది.

"అది నాది వదినా. ఇరవైరెండేళ్లు నేను కట్టి ఆడాను."

"పండక్కి నాలుగు రోజులు కట్టినంతమాత్రాన నీదైపోతుందా? మిగతా ఏడాదంతా కట్టింది నా చెల్లెలు. తియ్యి మరిదీ, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది."

సెలెదోనియో రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. అందులో పొయ్యి పొగ ఉంది, ఆమె వంటలో వేసే మున్యా ఆకు వాసన ఉంది, ఆమె చెమట ఉంది. ఐదు రోజులుగా దాన్ని ముఖం మీద కప్పుకునే పడుకుంటున్నాడు.

"పోకపోతే పోకపోనీ" అన్నాడు. "ఇక్కడే తిరగనీ. వచ్చి, గాడిదలు రెండూ ఎందుకు తీసుకెళ్లావురా అని నన్ను అడగనీ. తిట్టనీ. కొట్టనీ."



"అది అడగదు" అంది మాక్సిమిలియానా. "ఎండకు అద్దం మెరిపించి నిన్ను వెనక్కి పిలుద్దామన్నాను. నువ్వింకా ఎక్కుతూనే ఉన్నావు, ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నావు. వద్దంది. పిలిస్తే పరుగెత్తుకొస్తాడక్కా, ఆ దారిలో జారి పడతాడు అంది. అంత నొప్పిలోనూ నీ కాళ్ల గురించే ఏడ్చింది. ఇది ఉతకనివ్వక, దాన్ని ఒంటి మీద గుడ్డ లేకుండా ఇక్కడే తిప్పుతావా?"

అద్దం ఒక్కసారి మెరిసి ఉంటే సగం కొండ నుంచే వెనక్కి తిరిగేవాడు. ఆ సంగతి ఎవుఫ్రాసియాకూ తెలుసు. సెలెదోనియో చొక్కా కిందినుంచి లంగా తీసి వదిన ఒళ్లో పెట్టాడు.

తోరిబియో బండ మీద దాన్ని మూడుసార్లు ఉతికాడు. నురగ రాళ్ల మధ్యనుంచి కొట్టుకుపోయింది. ఎండలో ఆరేశారు. పొద్దు వాలేముందు మాక్సిమిలియానా దాన్ని మడిచి, "ఇప్పుడు నీదే, కట్టుకో" అని అతని చేతిలో పెట్టింది.

సెలెదోనియో దాన్ని ముఖానికి ఆనించుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. పిట్టలన్నీ ఉన్నాయి, ఆకులన్నీ ఉన్నాయి.

తోరిబియో చేతులు తుడుచుకుంటూ బెదురుగా దగ్గరికొచ్చాడు. "సరిగ్గా ఉతికానా అన్నా?"

"బాగా ఉతికావు తమ్ముడూ" అన్నాడు సెలెదోనియో. "ఏమీ మిగల్లేదు."