ఊ కొడితేనే బుర్రకెక్కేది

ఆ కుర్ర డాక్టరు తిరుపతి ఆసుపత్రిలో ఎముకల వైద్యం నేర్చుకునేవాడు. తోటివాళ్లకు వీడియోలు చాలు. ఇతనికి మాత్రం ఎవరికైనా కథలా చెప్పి, వాళ్లు ఊ కొడితేనే బుర్రకెక్కేది. నా మోకాలి ఆపరేషన్ నాకే చెప్పేవాడు.

"అవ్వా, ఈడ కోస్తాం సూడు. ఊ కొట్టు."

"కోసేది నా కాల్నే గదప్పా. ఊ యాడ్నుంచి వస్తాది?"

అయినా కొట్టాను. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, నేర్చుకునేవాణ్ణి ఎట్లా కాదంటాను?

ఆపరేషన్ రోజు నడుము కింద మొద్దుబారింది. తెర అవతల అతను చెబుతూ కోస్తున్నాడు, ఇవతల నేను ఊ కొడుతున్నాను. ఇంతలో మందు మత్తుకు నా నాలుక తిరగలేదు. చెవులు మాత్రం వింటున్నాయి.

"ఏమప్పా, నిలబడిపోతివే?" అన్నాడు అతని పక్కనున్న పెద్ద డాక్టరు.

"అవ్వ ఊ కొట్టడంలేదు సార్."

 పెద్ద డాక్టరు గొంతు సవరించుకుని, "ఊ" అన్నాడు.

ఆయన చివరిదాకా ఊ కొట్టబట్టే నేనీరోజు నడుస్తున్నాను.