నలుగురు కూర్చోని ఊళ్లో ఇల్లు బేరం

ముసలి మల్లమ్మ తన సొంత ఇల్లు తాను అమ్ముకోకుండా అడ్డం పడ్డవాడు ఆ ఊరి పటేలు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. మన మిల్లు లైన్ల ఇళ్లలో చాలామంది కొలువు దిగాక పల్లెలో చిన్న ఇల్లు కొనుక్కోవాలని నాలాగే బయలుదేరబోతున్నారు. దారి, ఖర్చు, బండ్ల సంగతి అన్నీ రాస్తాను. కానీ మీరు పడబోయే అసలు గుంత బండి బాటలో ఉండదు; చావడి అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది.

మా నాయిన వయసంతా మిల్లులో దూది ఏకే విభాగంలోనే గడిచింది. ఇప్పుడు ఊపిరి తీస్తే లోపల ఈల మోగుతుంది. దవాఖానలో డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు: "వానకాలం గూడ ఈ లైన్ల పొగలనే ఉంచితే మనిషి దక్కడు. గాలి ఆడే పల్లెకు తీసుకపోండి." ఆయన రొమ్ములోని గాలంతా వాడుకున్న మిల్లు చివరికి ఒక సలాము కొట్టి పంపింది. శ్రమదోపిడి అనే మాటను నేను కరపత్రాల్లో ఎన్నోసార్లు చదివాను. దాని అర్థం మా ఇంట్లో మంచం మీద కూర్చుని దగ్గుతుంటుంది. నెక్కొండ దగ్గరి ఒక ఊళ్లో మల్లమ్మ అనే ముసలామె ఇల్లు అమ్ముతుందని తెలిసి, వానలు పడకముందే చూసిరావాలని బయలుదేరాను. నాయిన గడప దాకా వచ్చి, "బేరం కాడ కరపత్రం సదవకురా. ఇల్లు జూసి రా" అన్నాడు.

పొద్దున వరంగల్‌లో ప్యాసింజరు ఎక్కితే గంటకు అటూ ఇటుగా నెక్కొండలో దిగుతారు. మూడో తరగతి టికెట్టు రూపాయి లోపే. స్టేషన్ బయట హోటల్లో చాయ్ బాగుంటుంది, ఇడ్లీ మాత్రం నిన్నటిది. అక్కడి నుంచి ఊరికి బస్సు లేదు. మార్కెట్లో మిర్చి దించి తిరిగిపోయే ఎడ్లబండ్లు దొరుకుతాయి. అర్ధరూపాయి ఇస్తే ఎక్కించుకుంటారు. నాకు దొరికిన బండి సాయిలుది.

"ఎవలింటికి తమ్మీ?" అన్నాడు బండి కదలగానే.

"మల్లమ్మ ఇంటికన్నా. అమ్ముతాందట గదా."

"అమ్ముతాంది. కొననిచ్చేటోళ్లు ఉండాలె గని."

"ఆమె ఇల్లు ఆమె అమ్ముకుంటది. నడుమ అడ్డమెవలు?"

సాయిలు ఎద్దు తోక మెలేసి నవ్వాడు. "నువ్వు పట్నంల శానా సదివినట్టున్నవ్. అడ్డమెవలో మా ఎడ్లకు గూడ ఎరుకే."

ఇల్లు చూశాక నా కోపమంతా కాసేపు ఎటో పోయింది. రెండు అర్రలు, గూనపెంకుల కప్పు, మట్టిగోడలకు ఎర్రమన్ను పూత. ఊరి నడుమే అయినా తూర్పు దిక్కు అడ్డంగా మరో ఇల్లు లేదు. పొలాల మీది గాలి నేరుగా కిటికీలోంచి వస్తుంది. వెనక పెరట్లో నాలుగిళ్లు కలిసి వాడుకునే బావి. మల్లమ్మ ములుగులో బిడ్డ దగ్గరికి పోవాలనుకుంటోంది.

"మీ నాయినకేం రోగం కొడుకా?" అని అడిగింది.

"దమ్ము, అవ్వా. మిల్లు దూది."

"అయితే ఈ కిటికీ కింద మంచమెయ్యాలె. మా ముసలోడు ఈన్నే పండుకునేటోడు. దగ్గు అనేదే ఎరుగడు. ఊకె గురక."

ధర గురించి పెద్ద మాటలు జరగలేదు. నేనొకటి అన్నాను, ఆమె కొంచెం పైకి అంది, ఇద్దరం నడుమ ఆగాం. అయితే ఆ వైపు పల్లెల్లో మాటతో బేరం ముగియదు, కాగితంతోనూ ముగియదు. చావడి దగ్గర ఊరి పెద్దలు నలుగురు కూర్చుంటారు. గీత గీసే గౌడు కుండతో కల్లు తెస్తాడు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒకరి వెనక ఒకరు తాటాకు రేకలో తాగాలి. అప్పుడే బేరం ఖాయం. బయానా, రిజిస్ట్రీ అన్నీ ఆ తర్వాతే.

పటేలు, ఇంకో ముగ్గురు అరుగు మీద ఉన్నారు. మల్లమ్మ కింద నిలబడి తన వంతు తాగి రేక నాకు అందించింది. నేను తాగనన్నాను. చర్చిలో మా యువకులందరం మద్యం ముట్టమని ఒట్టు పెట్టుకున్నాం. అంతటితో ఊరుకోకుండా, కల్లు పేదవాడి కూలిని ఎలా తాగేస్తుందో అక్కడే నిలబడి ఉపన్యాసమిచ్చాను. పటేలు నా మాటకు అడ్డు రాలేదు. మీసం దువ్వుకుంటూ చివరిదాకా విన్నాడు.

"సూసిండ్రా," అన్నాడు పక్కవాళ్లతో. "మన రేక ముట్టడట. ఊరితోని పొత్తు లేనోనికి ఊరి నడుమ ఇల్లెందుకు? కిరస్తానపోళ్లంత వాడల ఉన్నరు. పోయి ఆడ గుడిసె ఏస్కో పిలగా."

అప్పుడు అర్థమైంది. మా తాత ఇలాంటి ఊరవతలి హరిజనవాడలోనే పుట్టినవాడు. పటేలుకు కంట్లో నలుసు పెరటి బావి. ఆ బావి చేంతాడు మా అమ్మ చేతికి రాకూడదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒట్టు గట్టున పెట్టి చెయ్యి చాపాను. "తే పటేలా. తాగుత. తాగితే అమ్మనిస్తవా?"

అతను నా వైపు చూడనైనా లేదు. "కుండ తీస్కపోరా" అని గౌడుతో అని లేచాడు. ముగ్గురూ అతని వెంటే లేచారు. కల్లు ఒట్టి సాకు అని తేలిపోయింది.

"పటేలా, ఈ ఇల్లు నా మొగడు కట్టిండు. నువ్వొక్క తట్ట మన్ను మోయలే," అంది మల్లమ్మ.

"నలుగురు కూసోకుంటే బేరం యాడిదే ముసలీ?"

"నలుగురంటే నీ నలుగురేనా?"

అతను తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. మల్లమ్మ నన్ను ఇంటికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది. "ఆయితారం మీ నాయినను తోలుకరా. ఈ ఇంట్ల ఉండేది ఆయన గదా, ఆయనే తాగుతడు. నలుగురిని గూడ మీరే తెచ్చుకోండ్రి. చావడి పటేలుది గావచ్చు, వాకిలి నాది."

"నలుగురేంది అవ్వా, నలభైమందిని తెస్త."

"అందరికి కల్లు మీ తాత పోస్తడా? కూసునేటోళ్లు నలుగురు. కడమోళ్లు నిలవడుండ్రి."

తిరుగు దారిలో మళ్లీ సాయిలు బండే దొరికింది. స్టేషన్ దగ్గర కిరాయి తీసుకుంటూ, "ఆయితారం ఎందరొస్తరు తమ్మీ? ఇంకో బండి కట్టాల్నా?" అన్నాడు. ఊళ్లో కబురు నాకంటే ముందే నడిచింది. సాయంత్రం ప్యాసింజరుకు వరంగల్ చేరాను.

నా కోపం తగ్గలేదు, తగ్గించుకోను కూడా. రాజ్యాంగం వచ్చి ఇన్నేళ్లయింది, అమ్మే మనిషి అమ్ముతానంటుంది, కొనే మనిషి కొంటానంటాడు, మధ్యలో ఒకడు అరుగు దిగి నడిచిపోతే ఇల్లు ఆగిపోతుంది. ఒకడు లేచిపోయినంత మాత్రాన ఇంత పని ఆగితే, మనం పోయి కూర్చుంటే ఎంత పని జరగాలి? ఇల్లు వెతికేవాళ్లకు ఒక సూచన: రేక అందిస్తే తీసుకోండి. తాగనివాళ్లు పెదవికి తాకించి పక్కవాళ్లకు అందించండి. కల్లు మీద నా అభిప్రాయం మారలేదు, కానీ అలాంటివాళ్ల చేతికి సాకు ఇవ్వకండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు వరంగల్ స్టేషన్ ముందు, టాంగాలు ఆగేచోట కలుద్దాం. ప్రార్థన తప్పుతుందనేవాళ్లు మల్లమ్మ వాకిట్లోనే చేసుకోవచ్చు. నాయినకు నడక కష్టం, ఇద్దరు ఆయన వెంట ఉండాలి. కర్రలు ఎవరూ తేవద్దు. మనం పోయేది కూర్చోవడానికి.