మబ్బుబండ్ల వాళ్ళం

మా ఇంటిపేరు మబ్బుబండ్ల. చిత్తూరులో ఆ పేరున్న ఇల్లు మాదొక్కటే. నాయనకు అన్నదమ్ములు లేరు, తాతకూ లేరు. బడిలో హాజరు పిలుస్తూ అయ్యవారు నా పేరు దగ్గరికి రాగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు "హై హై" అని ఎద్దుల్ని అదిలించేవారు. ఇంకొకరు బల్ల మీద ఉరుములు ఉరిమించేవారు. నాకు మాత్రం ఏడుపు వచ్చేది కాదు. ఆ పేరు వెనక ఎంత గొప్ప కథ ఉందో వాళ్ళకేం తెలుసు!

ఆ కథ చెప్పేది మా నాయన. ఆయనది బెల్లం మండీ. బేరం కుదిరేదాకా గట్టు మీద కూర్చున్న రైతు దొరికితే చాలు, మొదలుపెట్టేవాడు. కరువు కాలంలో మా పెద్దాయనొకడు బండి కట్టుకొని బయల్దేరాడట. ఆయన బండి వెంబడే ఒక నల్లమబ్బు నడిచి వచ్చిందట. బండి ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళో వాన. "అందుకే మేము మబ్బుబండ్లోళ్ళం. ఈ పేరు ఇంగ యాడా ల్యాదు. మేమే" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మొక్కు తీర్చుకోవడానికి అందరం తిరుమల వెళ్ళాం. కొండ దిగి తిరుపతి బస్టాండుకు వచ్చేసరికి ఎండ మండిపోతోంది. నాయన గుండుకూ, తమ్ముడి గుండుకూ పూసిన గంధం ఎండి పొరలు లేస్తోంది. చిత్తూరు బస్సు ఎక్కాం. కిటికీ పక్క సీటు కోసం నేనూ తమ్ముడూ తోసుకుంటున్నాం. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. అప్పుడు మైకులో వినబడింది.

"నగరి నుంచి వచ్చిన మబ్బుబండ్ల వారి పెద్దామె విచారణ కౌంటరు వద్ద ఉన్నారు. వారి మనుషులు వెంటనే రావలెను."

నాయన సీట్లోంచి ఎగిరి లేచాడు. "విన్నారా? మబ్బుబండ్ల అనినాడు! మబ్బుబండ్ల!"

అమ్మ గబగబా మా ఇద్దరినీ తడిమి చూసింది. "మనోళ్ళంతా ఈడే ఉండారు గదా. ఎవురు తప్పిపోయింది?"

"అదేమే నేను చెప్పేది! మనోళ్ళు ఇంగొకరు ఉండారు!"

బస్సు కదిలింది. నాయన "ఆపప్పా, ఆపు" అని అరుస్తూ ముందుకు పరుగెత్తాడు. కండక్టరు తిట్టాడు. సంచులు, లడ్లు, తమ్ముడి ఒక చెప్పు చేతబట్టుకొని అందరం దిగేశాం. తిరుపతి బస్టాండులో గుండ్లు పరుగెత్తడం కొత్త కాదు గాని, మేము పరుగెత్తినట్టు ఎవరూ పరుగెత్తి ఉండరు. మా పేరున్న మనిషి! ఎలా ఉంటుంది? మాలాగా ముక్కు పొడవా?

కౌంటరు పక్కన బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ముతక నేత చీర, ఒళ్ళో మూట. నాయన రొప్పుతూ ఎదుట నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మీరు మబ్బుబండ్లోళ్ళా? మేమూ మబ్బుబండ్లోళ్ళమే!"

ఆమె మూటను గట్టిగా పట్టుకుంది. "ఇట్లా చెప్పేవాళ్ళను శానామందిని సూసినా. నా కొడుకు వచ్చేదాకా నేను యాడికీ రాను, పోప్పా."

నాయన ప్రమాణాలు చేశాడు. నన్ను ముందుకు తోసి "నీ పేరు చెప్పు" అన్నాడు. నేను ఇంటిపేరుతో సహా బడిలో హాజరు చెప్పినట్టు చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. ఇంతలో ఆమె కొడుకు చెమటలు కక్కుతూ వచ్చాడు. అమ్మను ముందు తిట్టి, తర్వాత కావలించుకొని, అప్పుడు మా సంగతి విన్నాడు. విని నోరు తెరిచాడు.

"నిజంగానా అన్నా? మేము గూడా ఇంగెవురూ లేరనే అనుకుంటా ఉండాం!"

ఇద్దరూ చేతులు పట్టుకొని ఊపుకున్నారు. ఆ ఊపులోనే నాయన కులం అడిగాడు, మీరేమిట్లు అని. ఆయన మగ్గాలవాళ్ళమని చెప్పాడు. మాది సేద్యం చేసే కులం. నాయన చేయి ఊపడం ఆగింది. ఒకే పేరు, కులాలు వేరు. అయితే చుట్టాలం కానట్టేనా? నాయన ముఖం చూస్తే నాకు జాలేసింది. అయినా వదల్లేదు. "అయితే మీకీ పేరు ఎట్లా వచ్చింది? మాకైతే మబ్బు బండి వెంట నడిచి..." అని కథ ఎత్తుకున్నాడు.

ముసలామె మధ్యలోనే పకపకా నవ్వింది. "మబ్బంటే మోడం గాదు నాయనా! మబ్బు. తెల్లారకముందు ఉండే చీకటి. ఆ పొద్దుకే బండ్లు కట్టేవాళ్ళు మనవాళ్ళు."

"అదెట్లా?" అన్నాడు నాయన బింకంగా.

అమ్మ అందుకుంది. "అదెట్లా ఏంది? నిన్న నువ్వే గదా అంటివి, మబ్బులోనే లేస్తే దర్శనం బిరీన అయితాదని!"

నాయన గుండు గోక్కున్నాడు. వేకువజామున లేవడాన్ని మబ్బులో లేవడం అని రోజూ అంటూనే ఉన్నాం. ఆకాశంలో పట్టేదాన్ని మోడం అనే అంటాం. మా మాటే మా పేరులో ఉంది. మేమే గుర్తుపట్టలేదు!

అప్పుడు ఆమె చెప్పింది. కార్వేటినగరం అవతల కొండల కింద ఒక పల్లె ఉండేదట. అందులో బెల్లం వండే రైతులు, చీరలు నేసేవాళ్ళు కలిసి సంతకు పోయేవాళ్ళు. ఎండెక్కితే ఎద్దులు కనుమ ఎక్కలేవు, ఒంటరిగా పోతే దొంగల భయం. అందుకని అందరూ చీకట్లోనే బండ్లు వరసగా కట్టేవాళ్ళు. దారిలోని ఊళ్ళవాళ్ళు గంటల చప్పుడు విని "మబ్బుబండ్లోళ్ళు పోతా ఉండారు" అనుకునేవాళ్ళు. ఆ పేరే నిలిచింది. రైలు వచ్చినాక బండ్లు ఆగిపోయాయి, పల్లె చెదిరిపోయింది. "అరక్కోణంలో గూడా మనవాళ్ళు ఉండారు. అరవ దేశంలో ఇంటిపేర్లు ల్యావు గదా, పిల్లోళ్ళు పేరు ముందర ఉత్త 'ఎం' పెట్టుకుంటారు. అదేందంటే చెప్పలేరు" అంది.

ఆ తర్వాతి ఆదివారమే నాయన మమ్మల్నందరినీ నగరికి లాక్కుపోయాడు. ముసలామె కొడుకు ఒక జీపు మాట్లాడి పెట్టి, తనూ మాతో ఎక్కాడు. ఆమె చెప్పిన గుర్తుల ప్రకారం కొండ కిందికి పోయాం. ఎక్కడ చూసినా కంపచెట్లే. అటూ ఇటూ తిరిగి తిరిగి విసిగిపోయి, మేకలు మేపుకుంటున్న ఒకామెను కనుమ దారి ఏదని అడిగాం.

"యా దావ? మబ్బుబండ్ల దావా? అద్దో, ఆ బండ మీదినుంచి పోతాది" అందామె మామూలుగా.

మా ముఖాలు ఎలా మారాయో ఆమెకు అర్థం కాలేదు. నాయన కేక పెట్టాడు. మేకలు చెదిరిపోయాయి. మా ఇంటిపేరు మాకు తెలియని మనిషి నోట, మేము అడగకుండానే, ఒక దారి పేరుగా వచ్చింది! బండ మీదికి ఎగబాకాం. రాయి మీద రెండు గాడులు, బండిచక్రాలు ఎన్నో ఏళ్ళు ఒరుసుకొని పోయిన గాడులు, నా మడమ దిగేంత లోతుగా కనుమ వైపు సాగిపోతున్నాయి. తమ్ముడు "హై హై" అంటూ గాడిలో పరుగెత్తాడు. నాయన వంగి అరచేత్తో రాయి నిమురుతూ ఉండిపోయాడు. కాసేపటికి ముసలామె కొడుకు వైపు తిరిగి, "కులం యాదైతే ఏమిలే తమ్ముడూ, మన ఎద్దులు ఒగే దావన నడిచినాయి" అన్నాడు. ఆనాటినుంచి ఆయన మాకు చిన్నాయనే.

కొన్నేళ్ళకు ఆ చిన్నాయన కూతురి పెళ్ళి నగరిలో జరిగింది. పెండ్లికొడుకు వాళ్ళది మద్రాసు. వాళ్ళు తెచ్చిన బస్సుకు రెండు ఇళ్ళవాళ్ళ పేర్లూ తమిళంలో రాసిన గుడ్డ కట్టారు. తమిళంలో బకూ పకూ ఒకటే అక్షరం. మబ్బు కాస్తా మప్పు అయింది. మప్పంటే వాళ్ళ భాషలో తాగిన కైపు. వాళ్ళ కుర్రకారు బస్సు ముందు నిలబడి ఒకటే నవ్వు. జన్మలో కల్లు కూడా ముట్టని మా నాయన పట్టుపంచె ఎగగట్టి వాళ్ళ మధ్యలోకి దూకాడు. వచ్చీరాని అరవంలో, చేతులే ఎద్దులుగా, నోటితోనే గంటలు మోగిస్తూ కథ చెప్పసాగాడు. ముహూర్తం దగ్గర పడుతోందని అమ్మ పిలుస్తూనే ఉంది. ఆయనింకా కనుమ కూడా దాటలేదు.