కరెంటు కాడ చెప్పులు

మా మేనత్త బస్సుల ఎప్పుడు డోరు పక్క సీటే పట్టేది. మూత్రం వచ్చిందంటే ఆమెకు ఆగదు. బస్సు నిండ జనం ఉన్నా "ఆపు బిడ్డా" అని గట్టిగనే అనేది. సిగ్గుపడేది ఆమె కాదు, డ్రైవరు. మోత్కూరు నుంచి నల్లగొండ దాక తుమ్మచెట్లన్నీ ఆమెను గుర్తుపడుతయంటే మీరు నమ్మరు. ఆలంపూర్ జోగులాంబ గుడి దాక పోవుడు మాత్రం ఆమెతోని కాలేదు.

ఆఖరికి నల్లగొండ దవాఖానల, మూత్రం ఆగేటందుకు మూత్రసంచికి సూదులిస్తమన్నరు. నొప్పి తెల్వకుండ ఒంటికి పట్టీలు అంటిచ్చి, చిన్న మిషిన్‌తోని సన్నగ కరెంటు పెడుతమని నర్సమ్మ చెప్పింది.

"చెప్పులు బయట ఇడువు అవ్వా."

"కరెంటు కాడ చెప్పులిడువ" అన్నది అత్త. ఇరవై ఏండ్లు బాయికాడ మోటరు స్టార్టరు ఒత్తిన మనిషి మరి.

"ఇది బ్యాటరీది, ఏం కాదు."

"మా ఊరి లైన్‌మన్ గూడ గట్లనే అన్నడు. ఆ మిషిన్ నా చేతికియ్యి. నొప్పి నాది, ఎంత పెట్టాల్నో నాకెరుక."

డాక్టరు నవ్వి, చెప్పులు కడిగిచ్చిండు. కాళ్లు పైకి పెట్టి పండుకున్నది, రబ్బరు చెప్పులతోనే. సూది పడ్డప్పుడల్ల బటన్ తానే తిప్పుకున్నది. అప్పుడు నల్లగొండల లైట్లన్నీ మసకబారినయని నేను చెప్తుంట; గదొక్కటే అబద్ధం.

నెల తర్వాత ఆలంపూర్ బస్సుల నడుమ సీట్ల, కిటికీ పక్క కూసున్నది. చెప్పులు కిందిడిచి, కాళ్లు మడుసుకున్నది. మహబూబ్‌నగర్‌ల బస్సు ఆగితే అందరు మూత్రానికి ఉరికిండ్రు.

"దిగవా అవ్వా?" అని డ్రైవరు అడిగిండు.

"నేను దిగ. వాళ్లనే జల్ది రమ్మను."